ఐదున్నర శ్రుతి

మా తాతయ్యకి ఒక వాదన ఉండేది. నిడదవోలులో మా ఇంటి అరుగు మీద ఎవరు కూర్చున్నా అది విని తీరాల్సిందే. "ఆ హరిశ్చంద్రుడు ఐదున్నరలో పాడేవాడండీ. మైకు లేదు, పాడు లేదు. ఆఖరి వరసలో నేల మీద కూర్చున్నవాడికి కూడా ప్రతి అక్షరం వినపడేది. ఇప్పుడెవడున్నాడు చెప్పండి?" ఎవరూ చెప్పేవారు కాదు. కాఫీ వచ్చేది, మాట మారిపోయేది.

హార్మోనియం తెలియనివాళ్ళకి ఐదున్నర అంటే ఏమిటో చెప్పాలి. పెట్టె మీద మొదటి తెల్లమెట్టుని ఒకటి అనుకుంటే ఐదో తెల్లమెట్టు ఐదు శ్రుతి. దాన్ని ఆనుకుని పైనున్న నల్లమెట్టు ఐదున్నర. ఆ తర్వాతి తెల్లమెట్టు ఆరు. కచేరీల్లో మగవాళ్ళు మామూలుగా ఒకటి, ఒకటిన్నర, రెండు దగ్గర పాడతారు. ఐదు, ఐదున్నర ఆడవాళ్ళు పెట్టుకునే శ్రుతులు. పద్యనాటకంలో మగవాడు ఐదున్నరలో నిలబడి, రాగం తీసి, 'వన్స్ మోర్' అంటే మళ్ళీ అదే పద్యం అందుకున్నాడంటే చిన్న విషయం కాదు. మా తాతయ్య దృష్టిలో అది ఒక తరం గుండె బలానికి కొలత.

తాతయ్య పోయాక ఆయన పెట్టె నాకు వచ్చింది. అందులో మూడు గ్రామఫోను ప్లేట్లు, ఒక ఎల్పీ, నలభై దాకా క్యాసెట్లు ఉన్నాయి. ప్లేట్లలో ఒకటి హరిశ్చంద్ర పద్యం. లేబులు సగం చెదలు తినేసింది, గాయకుడి పేరున్న చోట చిల్లు. అదే పద్యం ఒక క్యాసెట్లోనూ దొరికింది. 1980ల్లో ఎప్పుడో మా నాన్న గ్రామఫోను ఎదురుగా టేప్ రికార్డరు పెట్టి ఎక్కించింది. ఇంకొన్నాళ్ళు వెతికితే నెట్‌లో అదే పద్యం ఎంపీ3గా కనిపించింది. ఒక చోట హార్మోనియం వేలు జారి తప్పు స్వరం పలుకుతుంది. మూడింట్లోనూ ఆ తప్పు అక్కడే ఉంది. కాబట్టి ముగ్గురు పాడింది కాదు, ఒకే మనిషి, ఒకే రోజు పాడినది.

ఫోన్లో ట్యూనర్ పెట్టుకుని మూడూ విన్నాను. ఎంపీ3 ఐదు శ్రుతి చూపించింది. క్యాసెట్ ఆరుకి ఓ పిసరు తక్కువ చూపించింది. అరువు తెచ్చిన టర్న్‌టేబుల్ మీద నిమిషానికి సరిగ్గా 78 చుట్లు తిప్పితే ప్లేటు ఐదుకీ ఐదున్నరకీ మధ్యన, ఏ మెట్టు మీదా కాకుండా ఆగింది.

మన తరంలో ఈ విషయం మీద వాదనలు ఇంకోలా నడుస్తాయి. వినైల్‌లో వెచ్చదనం ఉందంటారు, క్యాసెట్‌లో బాల్యం ఉందంటారు, డిజిటల్ పొడిగా ఉందంటారు. నేనూ అన్నాను. కానీ ఈ పద్యం దగ్గర నాకు ఎదురైన ప్రశ్న అంతకంటే మొదటిది. అసలు ఆ మనిషి ఏ శ్రుతిలో పాడాడు? మూడు సాక్ష్యాలు మూడు మాటలు చెబుతుంటే ఎవరిని నమ్మాలి?

ప్లేటు దగ్గర మొదలుపెడదాం. గ్రామఫోను కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో గౌహర్ జాన్ పాట రికార్డు చేసింది 1902లో. 1908కల్లా కలకత్తా సియాల్దాలో ప్లేట్లు అచ్చుపోసే ఫ్యాక్టరీ వచ్చింది. ప్లేటంటే మనం అనుకునే ప్లాస్టిక్కు కాదు, లక్క. ఛోటా నాగపూర్ వైపు అడవుల్లో కొమ్మల మీద పురుగులు పెట్టే లక్కనే ప్రపంచమంతా ప్లేట్లకి వాడింది. ఆ లక్కలో రాతిపొడి కలుపుతారు, నలుపు కోసం మసి కలుపుతారు. రాతిపొడి ఎందుకంటే, ఉక్కు ముల్లు మొదటి కొన్ని చుట్లలోనే అరిగి గాడి ఆకారానికి సర్దుకోవాలి. అందుకే ప్రతి పక్కకీ ముల్లు మార్చమనేవారు. ఆ రాతిపొడే మనకి వినపడే చరచర. అంటే ఆ చప్పుడు పాతబడటం వల్ల వచ్చింది కాదు, కొత్త ప్లేటులోనూ ఉంది. వయసు దాన్ని పెంచిందంతే.

1925 దాకా మైకు లేదు. గాయకుడు ఒక పెద్ద బూరాలోకి పాడితే, ఆ గాలి కదలికే ముల్లుని కదిలించి మైనం మీద గీత గీసేది. బూరా సుమారు 200 నుంచి 2000 హెర్ట్జ్ దాకానే సరిగ్గా పట్టేది. మృదంగం బరువు అందులో పడదు, తాళం మెరుపు పడదు. పడేది నడిమి స్థాయిలో గట్టిగా, సూటిగా వచ్చే గొంతు. మన రంగస్థలానికి కావలసిందీ అదే గొంతు. డేరాలో ఆఖరి వరస దాకా పోయే గొంతే బూరాలోకీ పోయేది. బలిజేపల్లి లక్ష్మీకాంతం 'సత్య హరిశ్చంద్రీయం', తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాలు, వాటి పద్యాలు ప్లేట్ల మీద అంతగా నిలబడటానికి జనాదరణ ఒక్కటే కారణం కాదు. ఆ గొంతులు ఆ యంత్రానికి సరిపోయాయి.

యంత్రం ఇంకొకటి కూడా చేసింది. పది అంగుళాల ప్లేటులో ఒక పక్క మూడు నిమిషాలకి కాస్త అటూ ఇటూ. స్టేజీ మీద ఒక పద్యానికి పావుగంట రాగం తీసే నటుడు ఇక్కడ మూడు నిమిషాల్లో ముగించాలి. "పాతవాళ్ళు గబగబా పాడేవారు" అని మనం అనుకోవడంలో కొంత ఆ ప్లేటు కొలత ఉంది.

కొంత, ఆ ప్లేటు వేగమూ ఉంది. 78 అని ఇవాళ మనం అలవాటుగా అంటాం కానీ, మొదటి దశాబ్దాల్లో అది స్థిరమైన లెక్క కాదు. 70 నుంచి 80 పైదాకా రకరకాల వేగాల్లో రికార్డు చేశారు. ఇంగ్లండులో కొలంబియా కంపెనీ కొన్నాళ్ళు తన ప్లేట్ల మీద 80 అనే అచ్చువేసేది. వేగం మారితే కాలమే కాదు, శ్రుతీ మారుతుంది. 76 దగ్గర రికార్డైన ప్లేటుని 78 దగ్గర తిప్పితే శ్రుతి దాదాపు పావు స్వరం పెరుగుతుంది. 80 దగ్గర రికార్డైనదాన్ని 78 దగ్గర తిప్పితే అంతే తగ్గుతుంది. ఇప్పుడు మా ప్లేటు సంగతి చూడండి. 78 దగ్గర ఐదుకీ ఐదున్నరకీ నట్టనడుమ ఉంది. అది 76లో రికార్డైతే ఆయన ఐదులో పాడినట్టు. 80లో రికార్డైతే ఐదున్నరలో పాడినట్టు. గాడి రెండిటికీ ఒప్పుకుంటుంది.

హార్మోనియాన్ని బట్టి తేల్చవచ్చనుకున్నాను. ఆ పెట్టె శ్రుతి మారదు కదా, మెట్టు మీదకి వచ్చేదాకా వేగం సర్దితే సరి. కానీ సర్దితే కిందకీ ఒక మెట్టు ఉంది, పైకీ ఒక మెట్టు ఉంది. పైగా ఆ కాలపు హార్మోనియాలన్నీ ఒకే కొలతకి కట్టినవి కావు. ఇప్పుడు అందరూ వాడే 440 హెర్ట్జ్ కొలత మీద అంతర్జాతీయంగా ఒప్పందం కుదిరింది 1939లో.

మైకు వచ్చాక కథ మలుపు తిరిగింది. ఆ మలుపులో మా ఊరికీ చిన్న వాటా ఉంది. బాలాంత్రపు రజనీకాంతరావు 1920 జనవరి 29న నిడదవోలులోనే పుట్టారు. వేంకట పార్వతీశ కవుల్లో ఒకరైన బాలాంత్రపు వేంకటరావు కొడుకు. 1941లో మద్రాసు రేడియోలో చేరారు. తెలుగులో లలిత సంగీతం అనే మాటకి ఒక రూపం ఇచ్చినవాళ్ళలో ముందువరసలో ఉంటారు. స్వాతంత్ర్యం వచ్చినప్పుడు ఆయన కట్టిన 'మాదీ స్వతంత్ర దేశం' టంగుటూరి సూర్యకుమారి గొంతులో ఊరూరా వినపడింది. లలిత సంగీతాన్ని సాహిత్యపరంగా, రాగాల పరంగా చాలామంది చర్చించారు. దాని వెనక ఉన్న యంత్రాన్ని కూడా చూడాలి. పక్కన కూర్చుని చెప్పినట్టు మెల్లగా పాడే గొంతుకి మైకు లేనిదే ఉనికి లేదు. ఆఖరి వరసకి వినిపించాల్సిన పని తప్పాక, గొంతు శ్రుతి దించుకోవచ్చు, ఊపిరి వినిపించవచ్చు, మాటని నిమరవచ్చు. తాతయ్య "ఇప్పుడెవడున్నాడు" అని అడిగినదానికి ఒక జవాబు ఇదే. గుండె బలం తగ్గలేదు, దాని అవసరం తగ్గింది.

ఆనాటి రేడియోలో ఎక్కువ భాగం అప్పటికప్పుడు ప్రత్యక్షంగా పాడినది. గాలిలోకి వెళ్ళింది, విన్నవాళ్ళ దగ్గర ఆగింది. ప్లేటుకెక్కిన కొద్దిపాటి పాటలు మనకి చేరాయి. చేరనివాటి సౌండ్ క్వాలిటీ గురించి ఎవరూ వాదించుకోరు.

పెట్టెలోని ఎల్పీ ఘంటసాల భగవద్గీత. ఎల్పీ 1948లో అమెరికాలో వచ్చింది. లక్క పోయి వినైల్ వచ్చింది, రాతిపొడి పోయింది, గాడి సన్నబడింది, వేగం 33కి దిగింది, ఒక పక్క ఇరవై నిమిషాలు దాటింది. భగవద్గీత లాంటి పని మూడు నిమిషాల ప్లేట్లలో ఊహించలేం. 1974 ఫిబ్రవరిలో ఘంటసాల పోయారు. చివరి రోజుల్లో పాడిన ఆ గీత ఆయన తర్వాత ఇంటింటికీ చేరింది. మంచి సెట్టు మీద వింటే ఆయన శ్లోకం ముగించి తాత్పర్యంలోకి దిగేటప్పుడు గొంతు ఎంత దగ్గరకి వస్తుందో తెలుస్తుంది.

కానీ నిడదవోలులో ఎంతమంది దాన్ని అలా విన్నారు? మా వీధిలో టర్న్‌టేబుల్ ఉన్న ఇల్లు ఒక్కటే. మిగిలినవాళ్ళంతా గుడి మైకులో విన్నారు, లేదా శవయాత్ర ముందు నడిచే రిక్షా మీది బూరాలో విన్నారు. ఇప్పటికీ మా వైపు పగటిపూట ఆ గీత వినిపిస్తే "ఎవరు పోయారండీ?" అని గుమ్మంలోకి వస్తారు. ఆ లౌడ్‌స్పీకరు బూరా కూడా, 1902 నాటి బూరా లాగే, నడిమి స్థాయి తప్ప మరేమీ పలకదు. డెబ్బై ఏళ్ళలో రికార్డింగ్ ఎక్కడి నుంచి ఎక్కడికో వెళ్ళినా, ఊరి చెవికి చేరేసరికి మళ్ళీ బూరాలోంచే వచ్చింది. మైకు సెట్లు అద్దెకిచ్చే బాబాయి ఒకాయన నాతో అన్నాడు: "క్వాలిటీ ఎవడిక్కావాలి అబ్బాయ్? కాలవ అవతల చేలో ఉన్నోడికి వినపడాలి. వాడు పని ఆపి దణ్ణం పెట్టుకోవాలి. బాసు పెడితే వంతెన దాటదు." లెక్క ప్రకారం ఆయన చెప్పింది నిజం. ఆ బూరాలో బాసు ఎంత పెంచినా కరెంటు దండగే తప్ప దూరం పెరగదు.

క్యాసెట్ ఫిలిప్స్ కంపెనీ 1963లో బయటపెట్టింది. టేపు వెడల్పు 3.81 మిల్లీమీటర్లు, వేగం సెకనుకి 4.76 సెంటీమీటర్లు. స్టూడియోలో మాస్టరు టేపు సెకనుకి 38 సెంటీమీటర్లు పరిగెత్తేది. అంటే దానికంటే ఎనిమిదో వంతు వేగం, వెడల్పులోనూ చాలా తక్కువ. పాట రాసుకోవడానికి చోటు తగ్గితే హిస్సు పైకి తేలుతుంది. కాగితం మీద చూస్తే క్యాసెట్ వెనకడుగే. కానీ మొదటిసారిగా వినేవాడి చేతిలోకి రికార్డు మీట వచ్చింది. స్టేషను రోడ్డు లాంటి వీధుల్లో రికార్డింగు షాపులుండేవి. పన్నెండు పాటల చీటీ, ఒక ఖాళీ సి-60 ఇస్తే రెండు రోజుల్లో పాటలు ఎక్కించి ఇచ్చేవారు. సి-90 అడిగితే షాపువాళ్ళు వారించేవారు. ఎక్కువ టేపు పట్టాలని దాన్ని పల్చగా చేస్తారు కాబట్టి రీలు చిక్కుపడేది. పల్చటి టేపులో ఇంకో చిత్రం కూడా ఉండేది. ఒక చుట్టలోని అయస్కాంతం పక్క చుట్టకి అంటుకుని, పాట మొదలవకముందే అదే పాట ఎక్కడో దూరంగా వినిపించేది.

వేగం సంగతి చెప్పనక్కర్లేదు. బ్యాటరీలు దిగితే పాట సాగేది. చవక మోటార్లు కొన్ని పుట్టుకతోనే పరుగు. మా నాన్న ఎక్కించిన క్యాసెట్ ఆరు శ్రుతి దగ్గరకి ఎలా వెళ్ళిందో ఇప్పుడు ఊహించడం తేలిక. తాతయ్య గ్రామఫోను వేగం మీట కాస్త ముందుకి జరిగి ఉంటుంది, దాని మీద టేపు వేగం ఇంకొంచెం కలిసి ఉంటుంది. తేమ కూడా తన వంతు చేసింది. మా డెల్టాలో వానాకాలం వస్తే పుస్తకాలకే బూజు పడుతుంది. నలభై క్యాసెట్లలో పదకొండు ఇక తిరగలేదు.

ఇక అంకెలు. సీడీ 1982లో వచ్చింది. సెకనుకి 44,100 సార్లు ధ్వనిని కొలిచి, ఒక్కో కొలతని 65,536 మెట్లలో ఒకదానికి సర్దుతుంది. "మెట్లు మెట్లుగా ఉంటుంది కాబట్టి అసలు గీత పోతుంది" అని వినైల్ అభిమానులు అంటారు. అది పొరపాటు. 44,100 కొలతలు చాలు, 20,000 హెర్ట్జ్ దాకా, అంటే మనిషి చెవి హద్దు దాకా, గీతని ఉన్నదున్నట్టు తిరిగి గీయడానికి. నిశ్శబ్దానికీ గట్టి ధ్వనికీ మధ్య ఎడం సీడీలో 96 డెసిబెల్స్, మంచి ఎల్పీలో సుమారు అరవై పైచిలుకు, మామూలు క్యాసెట్‌లో యాభై దగ్గర, లక్క ప్లేటులో ముప్ఫై, నలభై. కొలతల్లో పోటీ లేదు.

మనకి డిజిటల్ పొడిగా వినిపించిందంటే ఎక్కువసార్లు మనం విన్నది సీడీ కాదు. సీడీలో సెకనుకి 1,411 కిలోబిట్లు. మనం ఇంటర్నెట్ సెంటర్లో దింపుకున్న ఎంపీ3లో 128. చెవి పట్టించుకోదనుకున్నవి తీసేసి పదకొండో వంతుకి కుదించినది. దాన్ని ఇంకొకరు మళ్ళీ కుదించారు, ఇంకొకరు వాట్సాప్‌లో పంపారు. పాత పద్యం విషయంలో ఇంకో ప్రమాదం ఉంది. ఎల్పీ ముల్లు కంటే లక్క ప్లేటు ముల్లు మూడు రెట్లు లావు. ఆ సంగతి పట్టించుకోకుండా సన్నముల్లు పెడితే అది గాడి అడుగున పడి దుమ్మంతా పలుకుతుంది. ఆ దుమ్ము పోవడానికి సాఫ్ట్‌వేర్‌తో శుభ్రం చేస్తారు. చరచరతో పాటు హల్లుల అంచులూ పోతాయి. 'శ', 'ష' ఒకటైపోయిన హరిశ్చంద్రుణ్ణి విని "పాతకాలపు ఉచ్చారణ" అనుకుంటాం.

వినైల్ మళ్ళీ వచ్చింది. 2022లో అమెరికాలో సీడీల కంటే ఎల్పీలే ఎక్కువ అమ్ముడయ్యాయి, 1987 తర్వాత అలా జరగడం అదే మొదలు. హైదరాబాదులో నా మిత్రులూ కొంటున్నారు. వాటిలో చాలా వాటికి మూలం డిజిటల్ మాస్టరే. అందులో తప్పేమీ లేదు. పెద్ద అట్ట, తిరగేసే పని, ఇరవై నిమిషాలు ఒక చోట కూర్చోవడం, ఇవన్నీ వినడంలో భాగమే. అవి గాడిలో లేవని మాత్రం గుర్తుంటే చాలు. 1915 నుంచి పదేళ్ళ పాటు ఎడిసన్ కంపెనీ అమెరికాలో ఊరూరా ప్రదర్శనలు పెట్టింది. దీపాలార్పి, గాయని పాడుతోందో యంత్రం పాడుతోందో చెప్పమంటే చాలామంది చెప్పలేకపోయారని పత్రికలు రాశాయి. ఇవాళ ఆ యంత్రం వింటే మనకి నవ్వొస్తుంది. ప్రతి తరం తన యంత్రాన్ని అచ్చం మనిషిలా ఉందనే అనుకుంది.

తిరిగి ఐదున్నరకి. ప్లేటుని 76 దగ్గర విన్నాను, 80 దగ్గర విన్నాను. 76 దగ్గర ఛాతీ ఉన్న మనిషి పాడుతున్నట్టు అనిపించింది. 80 దగ్గర గొంతు బిగిసినట్టు అనిపించింది. కాబట్టి ఐదు అని రాసేద్దామనుకున్నాను. రాయబోతుంటే సందేహం వచ్చింది. నా చెవి తొంభైల బాసు విని పెరిగింది. నాకు సహజంగా అనిపించే మగగొంతు నా కాలపు మైకు తయారుచేసింది. తాతయ్య చెవి డేరాలో పెరిగింది. ఆ బిగువే ఆయనకి మగతనం, ధర్మం, హరిశ్చంద్రుడు. నా చెవితో ఆయన సాక్ష్యాన్ని కొట్టేస్తే అది పరిశోధన అవదు. నెట్‌లో ఆ ఎంపీ3 పెట్టినాయనా ఇదే చేసి ఉంటాడు. తన చెవికి సరిపోయిన ఐదు దగ్గర ఆపాడు. ఏ వేగంలో తిప్పాడో రాయలేదు. రేపు ఎవరైనా తెలుగు రంగస్థల సంగీత చరిత్ర రాస్తే ఆ ఫైలు విని "ఐదు శ్రుతి" అని రాస్తారు.

అందుకని నేను చేసిన పని చిన్నది. ప్లేటుని 78 దగ్గర, లావు ముల్లుతో, ఏమీ శుభ్రం చేయకుండా ఎక్కించాను. ఏ వేగం, ఏ ముల్లు, లేబుల్లో మిగిలిన అక్షరాలేమిటి, అన్నీ ఫైలుతో పాటు రాసిపెట్టాను. ఎవరికి ఏ శ్రుతి కావాలో వాళ్ళు సర్దుకోవచ్చు. మీ ఇళ్ళలో అటక మీద ఇలాంటివి ఉంటే, శుభ్రం చేసిన కాపీ మీ ఆనందానికి చేసుకోండి, చేయని కాపీ తప్పకుండా ఉంచండి.

క్యాసెట్ సంగతి ఒకటి మిగిలింది. దాన్ని మొదట సాఫ్ట్‌వేర్‌లో వేసి హిస్సు తీయించాను. శుభ్రంగా వచ్చింది. తర్వాత అసలుది మళ్ళీ విన్నాను. పద్యం రెండో పాదంలో వెనక నుంచి భీమవరం వైపు లైను మీద బండి కూత ఉంది. మూడో పాదంలో నానమ్మ "కాఫీ చల్లారిపోతోంది" అంటోంది. దానికి తాతయ్య, చాలా మెల్లగా, "ఉండవే, ఐదున్నర" అన్నాడు. శుభ్రం చేసిన ఫైలులో ఆ మాట లేదు.

శ్రుతి లెక్కన అది ఆరుకి దగ్గర. అయినా ఆయన ఐదున్నర అనే విన్నాడు.